పురుగుమందుల విషప్రభావం: నాడీమండల నిర్మాణం ఆధారంగా లక్షణాల పరిశీలన

కృష్ణా పశ్చిమ డెల్టాలో చేబ్రోలు, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల రైతులు సార్వాలో వరి, ఆ తరువాత మాగాణుల్లో మినుము, మొక్కజొన్న సాగు చేస్తారు. ఈ పైర్లపై ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ వర్గాల మందుల వాడకం చిరకాలంగా ఉంది. పిచికారీ చేసే కూలీ పొలంలో కళ్లు తిరిగి పడిపోతే దానిని వడదెబ్బగా భావించి నీడన పడుకోబెట్టడం పరిపాటి. ఇందువల్ల విలువైన సమయం వృథా అవుతుంది. నాడీమండల నిర్మాణంపై స్థూలమైన అవగాహన ఉంటే విస్తరణ శాస్త్రవేత్త ఈ పొరపాటును నివారించగలడు.

విషం పనిచేసే తీరు

నాడీ సంధులలో సంకేతాన్ని అందించే రసాయనాలలో ఎసిటైల్‌కోలిన్ ముఖ్యమైనది. పని ముగియగానే దానిని కోలినెస్టరేజ్ అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. పై రెండు వర్గాల మందులు ఈ ఎంజైమును బంధిస్తాయి. ఫలితంగా ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి అవయవాలు ఆగకుండా ఉత్తేజితమవుతాయి. కార్బమేట్ల బంధం కొన్ని గంటలలో సడలుతుంది. ఆర్గానోఫాస్ఫరస్ బంధం కాలం గడిచేకొద్దీ స్థిరపడుతుంది.

లక్షణాలు - నాడీ స్థానాలు

1. సహసహానుభూత నాడులు: కంటిపాప సూదిమొనంతగా కుంచించుకుపోవడం, కన్నీరు, చొంగ, వాంతులు, విరేచనాలు, ఊపిరితిత్తులలో స్రావాలు, నాడి మందగించడం.

2. స్వేదగ్రంథులు: ఇవి నిర్మాణరీత్యా సహానుభూత వ్యవస్థకు చెందినా, వీటి నాడీకొనల నుండి విడుదలయ్యేది ఎసిటైల్‌కోలినే. అందువల్ల ఒళ్లంతా చెమట పడుతుంది.

3. నాడీకండర సంధులు: కనురెప్పలు, పిక్కల కండరాలు సన్నగా అదరడం, ఆపై నీరసం, చచ్చుబడటం.

4. మెదడు: ఆందోళన, తికమక, మూర్ఛ, స్పృహ కోల్పోవడం, శ్వాసకేంద్రం మందగించడం.

సహానుభూత నాడీసంధులు కూడా ఎసిటైల్‌కోలిన్‌తోనే పనిచేస్తాయి. కనుక కొందరిలో నాడి వేగంగా, కంటిపాప పెద్దదిగా ఉండవచ్చు. కంటిపాప చిన్నదిగా లేదన్న ఒక్క కారణంతో విషప్రభావం లేదని నిర్ణయించరాదు. వడదెబ్బలో శరీర ఉష్ణోగ్రత బాగా పెరుగుతుంది. కానీ చొంగ, రొమ్ములో గురగుర, కండరాల అదురు, కుంచించుకుపోయిన కంటిపాప కలిసి కనిపించవు. పైరెత్రాయిడ్ మందులు చర్మంలోని జ్ఞాననాడుల కొనలపై పనిచేసి ముఖంపై మంట, తిమ్మిరి మాత్రమే కలిగించవచ్చు.

కోలుకున్న తరువాత జాగ్రత్త

తొలి లక్షణాలు తగ్గిన తరువాత, 24 నుండి 96 గంటల మధ్య, కొందరిలో మెడ కండరాలు, భుజాలు, తొడలు, శ్వాసకండరాలు బలహీనపడతాయి. దిండుపై నుండి తల ఎత్తలేకపోవడం దీనికి తొలి సూచన. ఈ దశలో ఇంటికి పంపిస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. మరికొన్ని మందుల వల్ల రెండు మూడు వారాల తరువాత పాదాల తిమ్మిరి, నడకలో తడబాటు మొదలవుతాయి. అతి పొడవైన నాడీతంతువులు ముందుగా దెబ్బతినడమే పాదాలలో ఇవి ప్రారంభం కావడానికి కారణం.

పొలంలో చేయవలసినవి

- ముందుగా శ్వాస, స్పృహ, కంటిపాప, నోటి స్రావం, కండరాల అదురు వరుసగా పరిశీలించాలి.
- చేతితొడుగులు ధరించి, తడిసిన బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బునీటితో కడగాలి.
- స్పృహ లేనివారిని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టాలి. బలవంతంగా వాంతి చేయించరాదు. నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.
- వెంటనే 108కు ఫోన్ చేసి, మందు డబ్బాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి పంపాలి.

అట్రోపిన్ స్రావాలను అదుపు చేస్తుంది గాని కండరాల బలహీనతను తగ్గించదు. ఎంజైమును తిరిగి క్రియాశీలం చేసే ప్రాలిడాక్సిమ్ ప్రయోజనం ఆలస్యమైన కొద్దీ తగ్గుతుంది. మందు ఏ వర్గానికి చెందినదో వైద్యునికి తెలియజేయడం ఇందుకే అవసరం.

పిచికారీ శిక్షణలో మోతాదు, నాజిల్ ఎంపికలతో పాటు ఈ లక్షణాలను కూడా బోధించాలి. లేబుల్‌పై ఎరుపు, పసుపు త్రికోణాలున్న మందుల విషయంలో కూలీలకు, వారి కుటుంబాలకు ప్రత్యేకంగా వివరించాలి. పడిపోయిన మనిషిని మొదట చూసేది వారే.