డియేగో ఫోర్లాన్



దక్షిణ అమెరికా ఖండంలో బ్రెజిల్, అర్జెంటీనాల నడుమ ఉరుగ్వే అనే చిన్న దేశమున్నది. దాని జనాభా సుమారు 35 లక్షలు. మన సెలంగోర్ రాష్ట్ర జనాభాలో ఇంచుమించు సగం. అయినను ఆ దేశం 1930లోను, 1950లోను ఫుట్‌బాల్ ప్రపంచ కప్పును గెలుచుకొన్నది. దాని రాజధాని మాంటెవిడియోలో 1979 మే 19న డియేగో ఫోర్లాన్ జన్మించాడు. తండ్రి పాబ్లో 1966, 1974 ప్రపంచ కప్పులలో ఆడినవాడు. తల్లి తండ్రియైన కొరాసో ఉరుగ్వే జట్టుకు శిక్షకుడుగా పనిచేశాడు.

ఇట్టి కుటుంబంలో పుట్టిన బాలునికి వేరే ఆట తోచదని మీరు తలచవచ్చు. కాని అతనికి టెన్నిస్ మీద మక్కువ మెండు. 1991లో అక్క అలెహాండ్రా కారు ప్రమాదంలో గాయపడి, నడిచే శక్తిని కోల్పోయింది. అప్పటికి డియేగోకు 12 ఏండ్లు. ఆమె వైద్యానికి ధనం సంపాదించవలెనన్న తలంపే తనను ఫుట్‌బాల్ వైపు మళ్ళించినదని అతడు తరువాత చెప్పాడు.

2002 జనవరిలో అతడు అర్జెంటీనాలోని ఇండిపెండియెంటే నుండి మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చాడు. ఆ పేరు వినగానే మీలో సగంమంది తలలెత్తుతారని నాకు తెలుసు! గోల్ చేయడమే పనిగా వచ్చిన ఆ ఆటగాడు ఎనిమిది నెలల వరకు ఒక్క గోల్ కూడ చేయలేదు. ప్రత్యర్థుల అభిమానులు ఎగతాళి చేశారు. సెప్టెంబరులో, ఒక పెనాల్టీతో, తొలి గోల్ దక్కింది. డిసెంబరు 1న లివర్‌పూల్ మైదానంలో గోల్‌కీపర్ చేతుల నుండి బంతి జారగా, ఫోర్లాన్ దానిని వలలోనికి నెట్టాడు. కొద్ది నిమిషాలకే రెండవ గోల్ చేశాడు. యునైటెడ్ 2-1తో గెలిచింది.

అయినను అతని అసలు ప్రతిభ వికసించినది స్పెయిన్‌లోనే. 2004-05లో విల్లారియల్ తరఫున 25 గోల్స్, 2008-09లో అట్లెటికో మాడ్రిడ్ తరఫున 32 గోల్స్ చేసి, ఆ రెండు సంవత్సరాలలోను ఆ దేశపు లీగ్‌లో ప్రథముడయ్యాడు. రెండు చేతులతోను బాణాలు వేయగల అర్జునుని సవ్యసాచి అంటారని మీరు చదివారు కదా! ఫోర్లాన్ రెండు కాళ్ళతోను సమానంగా తన్నగలవాడు. ఏ కాలితో తన్నునో ఊహింపలేక గోల్‌కీపర్లు తడబడేవారు.

2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్పులో ‘జబులాని’ అనే బంతి గాలిలో దారి మార్చుచున్నదని గోల్‌కీపర్లు వాపోయారు. ఆ బంతితోనే అతడు 5 గోల్స్ చేశాడు. నెదర్లాండ్స్‌పై ఎడమ కాలితో దూరం నుండి కొట్టినది నా దృష్టిలో వాటన్నిటిలోను మేటి. మూడవ స్థానానికి జర్మనీతో ఆడినప్పుడు మనకు తెల్లవారుజాము. ఉరుగ్వే 2-3తో వెనుకబడియుండగా, చివరి క్షణంలో అతని ఫ్రీకిక్ గోల్ అడ్డుకమ్మికి తగిలి వెనుకకు వచ్చింది. ఉరుగ్వేకు నాలుగవ స్థానమే దక్కినను, ఉత్తమ ఆటగానికిచ్చే బంగారు బంతి మాత్రం అతనినే వరించింది.

భారతదేశంలోను అతడు ఆడాడు. 2016లో ముంబయి సిటీ తరఫున కేరళ జట్టుపై ఒకే ఆటలో మూడు గోల్స్ చేశాడు. అప్పటికి వయసు 37. 2019లో విరమించాడు. 2024 నవంబరులో, 45 ఏండ్ల వయసులో, మాంటెవిడియోలో జరిగిన వృత్తిపరమైన టెన్నిస్ పోటీలో జోడీగా దిగాడు. రెండు సెట్లలోనే ఓడిపోయాడు.