చిల్లగింజ చెట్టు – ఉపయోగాలు – పెంచే విధానం

(9వ తరగతి విద్యార్థిని)



ఈసారి గోడ పత్రికకు ఒక చెట్టు గురించి రాయమన్నారు. వేప, తులసి, ఉసిరి గురించి చాలామంది రాస్తారు. అందుకని నేను చిల్లగింజ చెట్టు గురించి రాస్తున్నాను. దీని గురించి సగం మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను (మా తండాలో దాది అంటాం). ఆమెకు చదువు రాదు. మిగతా సగం బడిలో నేర్చుకున్నాను. మా ఇంట్లో తొమ్మిదో తరగతి దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. రెండు సగాలూ కలవకపోతే ఏమవుతుందో నాకు అనుభవం అయింది. అది కూడా రాస్తాను.

పరిచయం

ఈ చెట్టును తెలుగులో చిల్ల అనీ ఇండుప అనీ అంటారు. సంస్కృతంలో కతకం, హిందీలో నిర్మలి. శాస్త్రీయ నామం స్ట్రిక్నస్ పొటాటోరం. ఈ పేరు వినగానే మా బెంచీ వాళ్లు ఆలుగడ్డ అనుకొని నవ్వినారు. కానీ లాటిన్ భాషలో పొటాటోరం అంటే "తాగేవాళ్లది" అని అర్థం. తాగే నీళ్లను తేటపరుస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు.

దక్షిణ భారతంలో, మధ్య భారతంలో వానలు తక్కువ పడే అడవుల్లో ఇది పెరుగుతుంది. శ్రీలంక, మయన్మార్, ఆఫ్రికా దేశాల్లో కూడా ఉంది. మనకు దగ్గరలో అంటే కృష్ణా నది వెంబడి పైకి పోతే నల్లమల అడవుల్లో ఉంటుంది. మన మేళ్లచెరువు చుట్టూ సున్నపురాయి నేలలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువ, చెట్లు తక్కువ. మా తండాలో చేను గట్టున ఒకే ఒక్క చిల్ల చెట్టు ఉంది.

చెట్టు ఎట్ల ఉంటుంది?

ఇది మధ్యరకం చెట్టు. బెరడు నల్లగా, పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా వస్తాయి. ఆకు మొదట్లో నుంచే మూడు నుంచి ఐదు ఈనెలు చీలి కనబడతాయి. పూలు చిన్నవి, తెల్లగా ఉండి మంచి వాసన వస్తాయి. కాయ గుండ్రంగా ఉండి, పండితే నల్లగా అవుతుంది. లోపల సాధారణంగా ఒక్కటే గింజ ఉంటుంది. కట్టె గట్టిది. బండ్లకు, వ్యవసాయ పనిముట్లకు వాడతారు.

నీళ్లను తేటపరచడం

వానాకాలంలో నీళ్లు ఎర్రగా, బురదగా వస్తాయి గదా. అప్పుడు మా నాయనమ్మ కొత్త కుండ లోపలి వైపు చిల్లగింజతో బాగా రుద్ది నీళ్లు పోస్తుంది. బిందె అయితే తడి సాన మీద ఒక గింజను అరగదీసి, ఆ గంధాన్ని నీళ్లలో కలిపి మూత పెడుతుంది. పొద్దున లేచేసరికి మడ్డి అంతా అడుక్కు దిగి పైన నీళ్లు తేరుకుంటాయి.

ఇది చాలా పాత పద్ధతి. సుశ్రుత సంహిత అనే పాత వైద్య గ్రంథంలో నీళ్లను తేటపరిచే ఏడు వస్తువులు చెప్పారు. వాటిలో కతకం ఒకటి. కతకం పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేటపడవు, గింజ అరగదీయాల్సిందే అనే అర్థం వచ్చే మాట మనుస్మృతిలో ఉంది. అంటే ఆ రోజుల్లో కూడా ఈ గింజ అందరికీ తెలుసన్నమాట.

ఇది ఎట్ల పనిచేస్తుంది? అవలంబనాలు, కొల్లాయిడ్‌లు అనే పాఠం మనం చదువుకున్నాం. బురద నీళ్లలో సన్నని మట్టి రేణువులు ఉంటాయి. వాటన్నింటికీ రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. చిల్లగింజలో పొడవు గొలుసుల్లాంటి పదార్థాలు (పాలిశాకరైడ్‌లు) ఉంటాయి. ఒక్కో గొలుసుకు చాలా రేణువులు అంటుకుంటాయి. పూలను దారానికి గుచ్చినట్టు అనుకోండి. అట్ల గుచ్చుకొని ముద్దలై బరువెక్కి కిందికి దిగుతాయి. పటిక కూడా మట్టిని దించుతుంది గానీ దాని పద్ధతి వేరు. దానిలో అల్యూమినియం ఉంటుంది. దాని ధనావేశం రేణువుల ఆవేశాన్ని పోగొడుతుంది.

నేను చేసిన తప్పు

పోయిన వానాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు పైపు పగిలి రెండు రోజులు నల్లా రాలేదు. వాగు నుంచి నీళ్లు తెచ్చుకున్నం. నాయనమ్మ గింజ అరగదీసింది. పొద్దునకు నీళ్లు అద్దం లెక్క తేటగా ఉన్నయ్. నేను రెండు గ్లాసులు తాగిన. నాకూ తమ్మునికీ తెల్లారి నుంచి ఒకటే విరేచనాలు. ఆశా అక్క వచ్చి ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చింది. నాయనమ్మ ఏడ్చింది. "నా గింజలో ఏ దోషం లేదు బిడ్డా" అన్నది.

ఆమె మాట నిజమే. గింజలో దోషం లేదు. కానీ తేట నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. మట్టితో పాటు కొన్ని సూక్ష్మజీవులు కిందికి దిగుతాయి గానీ అన్నీ దిగవు. మిగిలినవి కంటికి కనబడవు. కాబట్టి తేరిన నీళ్లను మెల్లగా వేరే గిన్నెలోకి వంచి, బాగా తెర్ల కాగిన తర్వాత ఇంకో నిమిషం మరిగించి, చల్లార్చి తాగాలి. లేకపోతే క్లోరిన్ బిళ్ల వేయాలి. బురద నీళ్లలో క్లోరిన్ సరిగ్గా పనిచేయదు. అందుకని ముందు చిల్లగింజ, తర్వాత పొయ్యి లేదా క్లోరిన్. చిల్లగింజ మొదటి మెట్టు మాత్రమే.

ఇంకో సంగతి. సూర్యాపేట 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉంటే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. చిల్లగింజ ఫ్లోరైడును తీయదు. మరిగించినా అది పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఒక పద్ధతి కనిపెట్టారు. దానికి మన పాత జిల్లా పేరు మీదనే "నల్లగొండ టెక్నిక్" అని పేరు.

వైద్యంలో ఉపయోగాలు

1. గింజ గంధాన్ని మజ్జిగలో కలిపి విరేచనాలకు ఇస్తారు.
2. మూత్రంలో మంటకు ఆయుర్వేదంలో వాడతారు.
3. తేనెతో అరగదీసి కంటి జబ్బులకు పెట్టేవారు. మనం మాత్రం కంట్లో ఏదీ పెట్టుకోవద్దు. డాక్టరు గారికి చూపించాలి.
4. పండు గుజ్జు తింటారు. ఎక్కువ తింటే వాంతులవుతాయి. పూర్వం వాంతి చేయించడానికే మందుగా ఇచ్చేవారు.

అడవిలో ఏరిన చిల్లగింజలను గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఆ సంస్థ 1956లో ఏర్పడింది. అంటే ఈ చెట్టు మందే కాదు, కూలి కూడా ఇస్తుంది.

ముఖ్యమైన జాగ్రత్త

చిల్లకు ఒక చుట్టం ఉంది. దాని పేరు ముషిణి. ఇద్దరిదీ ఒకటే ప్రజాతి. ముషిణి గింజలో స్ట్రిక్నైన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. తింటే ఒళ్లు కొయ్యబారి, మూర్ఛలొచ్చి ప్రాణం పోతుంది. ఒకసారి జాతరలో కొన్న చిల్లగింజల పొట్లంలో మా నాయనమ్మ రెండు ముషిణి గింజలు పట్టుకున్నది. "చదువుకున్నవు గదా, ఏది ఏదో చెప్పు" అన్నది. నేను చెప్పలేకపోయిన. ఆమె చెప్పిన తేడాలు ఇవి:

చిల్ల: గింజ చిన్నది, సెంటీమీటరు లోపే ఉంటుంది. రెండు వైపులా ఉబ్బి ఉంటుంది. పండు చిన్నది, నల్లనిది.
ముషిణి: గింజ పెద్దది, గుండీ లాగా పలచగా ఉంటుంది. పండు బత్తాయి లాగా గుండ్రంగా, నారింజ రంగులో ఉంటుంది. లోపల కొన్ని గింజలుంటాయి.

రెండింటి మీదా సన్నని నూగు ఉంటుంది కాబట్టి నూగు చూసి మోసపోవద్దు. రుచి అసలే చూడొద్దు. అనుమానం వస్తే పారేయాలి. ఎవరైనా మింగితే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పెంచే విధానం

నేను, మా నాయనమ్మ చేసిన పద్ధతి ఇది. బాగా పండిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టాలి. ఒక రాత్రి నానబెట్టాలి. పాల కవర్లకు కింద చిల్లులు పెట్టి ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలిపి నింపాలి. ఒక్కో కవర్లో ఒక గింజ వేసి రోజూ కొద్దిగా నీళ్లు చల్లాలి. నిదానంగా మొలుస్తాయి, ఓపిక ఉండాలి. మొక్క జానెడు ఎత్తు పెరిగినాక తొలకరి వానలకు మూరెడు లోతు గుంత తీసి నాటాలి. ఎండను తట్టుకుంటుంది. రాళ్ల నేలలోనూ బతుకుతుంది గానీ మెల్లగా పెరుగుతుంది. మేకలు మేయకుండా ముళ్లకంప కట్టాలి.

మేము 12 గింజలు వేస్తే 5 మొలిచినయ్. రెండు కోళ్లు కెలికినయ్, ఒకటి మేక తిన్నది. రెండు మిగిలినయ్.

ముగింపు

ప్రియమైన స్నేహితులారా! ఆ రెండు మొక్కలను దసరా సెలవుల తర్వాత తెచ్చాను. ఇప్పుడు మన హాస్టల్లో నీళ్ల ట్యాంకు పక్కన కవర్లలో ఉన్నాయి. వార్డెన్ మేడం గారు అనుమతిస్తే వచ్చే తొలకరికి వెనక గోడ దగ్గర నాటుదాం. అవి కాయలు కాసేనాటికి మనం ఇక్కడ ఉండం. మన తర్వాత వచ్చే చెల్లెళ్లు ఉంటారు. వాళ్లకు గింజతో పాటు "తేరిన నీళ్లు కాచి తాగండి" అనే మాట కూడా చెప్పాలి. ఈ మాట ఇప్పుడు మా నాయనమ్మే తండాలో అందరికీ చెబుతున్నది.

మీ ఇంట్లో పెద్దలకు తెలిసిన చెట్లు ఏమిటో అడిగి, వచ్చే గోడ పత్రికకు రాయండి. అడిగేటప్పుడు పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి.