చుండూరు నుండి హేగునకు

అమ్మాయీ,

కోపము నీ ఉత్తరమంతటా కనిపించినది. ఉండవలసినదే, నేను కాదనను. కాని ‘తాతయ్యా, చుండూరు కేసును హేగునకు తీసికొనిపోరాదా?’ అని అడుగుటకు ముందు తారీఖులు చూడవలదా? చుండూరులో ఎనమండుగురు దళితులను చంపినది 1991 ఆగస్టు 6వ తేదీన. హేగులోని అంతర్జాతీయ నేర న్యాయస్థానమునకు అధికారము వచ్చినది 2002 జూలై 1న. అంతకు ముందటి నేరమును అది ముట్టదు. పైగా ఆ న్యాయస్థానమును స్థాపించిన రోము ఒడంబడికపై ఓటింగు జరిగిననాడు మన దేశము తటస్థముగా నిలిచినది, నేటికిని అందులో చేరలేదు.

ఆ ఒడంబడిక ఆమోదము పొందిన దినము 1998 జూలై 17. మన కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణములు తీసినదియు జూలై 17వ తేదీననే, 1985లో. ఈ రెండు తారీఖులను నీ న్యాయశాస్త్ర పుస్తకములు ఒకచోట చేర్చవు, నేను చేర్చి వ్రాసికొంటిని.

కారంచేడును తలచినప్పుడెల్ల నాకొక సూత్రము గుర్తునకు వచ్చును: చట్టము లేని నాడు నేరము లేదు. ఆ దారుణము వంటివి రగిల్చిన ఉద్యమముల ఫలముగా 1989లో షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము పుట్టి, 1990 జనవరిలో అమలునకు వచ్చినది. కావున అది చుండూరునకు వర్తించినది గాని, తన పుట్టుకకు కారణములలో ఒకటైన కారంచేడునకు వర్తింపలేదు. రాజ్యాంగపు 20వ అధికరణము ఒప్పదు. న్యూరెంబర్గు విచారణలో నాజీ ముద్దాయిల వకీళ్ళు పట్టుకొన్నదియు ఈ కొమ్మనే: 1945 ఆగస్టు 8న లండనులో నాలుగు రాజ్యములు వ్రాసికొన్న ఒప్పందముతో, అంతకు ముందటి చేతలకు శిక్ష వేయుటెట్లని. టోక్యో యుద్ధనేరముల విచారణలో మన న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ గారు ముద్దాయిలందరు నిర్దోషులని వేరు తీర్పు వ్రాసిరి. చాలకాలము నేను వారి పక్షమే. ఇప్పుడు సగము మాత్రమే. యుద్ధమునకు దిగుట ఆనాటికి నేరమా అన్న సంశయము సబబే. కాని నిరాయుధులను చంపుట ఏ దేశమున నేరము కాదు? అక్కడ పుట్టినది క్రొత్త పేరే గాని క్రొత్త నేరము కాదు.

అంతర్జాతీయ న్యాయమునకు మూలములు ఒడంబడికలు, ఆచారము, సామాన్య న్యాయసూత్రములు అను జాబితా నీకు కంఠస్థమే, దానిని విడిచెదను. ఆచారమును గూర్చి మాత్రము నా తలవంపు కథ చెప్పక తప్పదు. యాభై యేండ్ల క్రిందట ఒక మిరప వర్తకుని తరఫున, బస్తాకు కిలో తరుగు తీయుట ఈ ప్రాంతపు ఆచారమని వాదించి, రైతులచేత ‘అవును, ఇచ్చుచున్నాము’ అనిపించి, గెలిచితిననుకొని కూర్చుంటిని. జడ్జీగారు కళ్ళజోడు తీసి, ఒక ముసలి రైతును, ‘ఇయ్యవలసినదని ఇచ్చుచున్నావా, ఇయ్యకున్న సరుకు కొనరని ఇచ్చుచున్నావా?’ అని అడిగిరి. అతడు మిరపకాయల ఘాటునకు మండి ఎఱ్ఱబడిన వ్రేళ్ళతో కండువా కొస మెలిపెట్టుచు, నా వంక చూచి, ‘కొనరనే బాబూ’ అనెను. దావా అక్కడనే పోయినది. రాజ్యముల ఆచారమునకును అదే పరీక్ష: పదిమంది చేయుట చాలదు, బద్ధులమని యెరిగి చేయవలెను. ఏదైన ఆచారమైనదని ఎవరైన వ్రాసినచో, నాకు ముందుగా ఆ కండువా కొసయే కనబడును.

ఇక కులము మాట. 1948 నాటి జాతిహనన ఒడంబడిక జాతీయత, తెగ, జాతి, మతము అను నాలుగింటినే పేర్కొన్నది, కులము లేదు. రోము ఒడంబడికలోని ‘పీడన’ నిర్వచనమున ‘ఇతర కారణములు’ అని ఒక తలుపు వారగా తెరచి యున్నది. కులము అందులో పట్టునని నా అభిప్రాయము, ఎదుటి వకీలు ఒప్పడు. మన చట్టములలోనో, జాతిహననము గాని మానవాళిపై నేరము గాని లేదని, ఆ లోటు పూడ్చవలెనని, 1984 నాటి సిక్కుల ఊచకోత కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరు 17న వ్రాసినది.

హేగును తరువాత చూతము. చుండూరు బాధితులు పోరాడి తమ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానమును పెట్టించుకొనిరి. అది 2007 జూలై 31న ఇరువది యొక్కరికి యావజ్జీవము, ముప్పదియైదుగురికి ఏడాది జైలు విధించినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరిని విడిచిపెట్టినది. ఆ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివితివా? లేదని నీ ఉత్తరమే చెప్పుచున్నది. సంక్రాంతికి వచ్చినప్పుడు తెనాలి దాటి చుండూరులో దిగుదము. మృతులను పూడ్చిన రక్తక్షేత్రము చూచెదవు గాక. తీర్పులు రెండును తెచ్చుకొనుము. గైడు పుస్తకమును హాస్టలులోనే ఉంచిరమ్ము.

ఇట్లు,
తాతయ్య