సెలవుల బైబిలు పాఠశాలలో పిల్లల క్షేమము: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది చర్ల మండలములోని చిన్న సంఘము. మే నెలలో సెలవుల బైబిలు పాఠశాల (వి.బి.ఎస్.) నడుపుచున్నాము. అది తునికాకు కాలము గనుక తల్లిదండ్రులు తెల్లవారకముందే పిల్లలను మాకు వదలి అడవికి పోవుదురు. ఎండకు వెరచి మానివేయవలెనా?
– ఒక సంఘ కాపరి

జవాబు: అయ్యగారూ, మానవలసిన పని లేదు. 1901లో న్యూయార్కు నగరమున రాబర్ట్ బోవిల్ అను బాప్టిస్టు బోధకుడు ఇట్టి పాఠశాలలను నెలకొల్పుట, వేసవిలో వీధులపాలైన పేదపిల్లలకు ఖాళీగానున్న దేవాలయములు నీడ నీయవలెనను తలంపుననే. తల్లులు ఆకు కోసి, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లమున అప్పగించి వచ్చునంతదాక మీ పిల్లలకును ఆ నీడయే కావలసియున్నది. అయితే ఎండ 45 డిగ్రీలకు ప్రాకు ఈ సీమలో, కాగిన రేకుల కప్పు క్రింద పిల్లలను గుమిగూర్చి, గంతులు వేయించు పాటలు పాడించుట నీడ యనిపించుకొనదు. ఉదయము 7 గంటలకు ఆరంభించి 10 గంటలకు పాఠము ముగింపుడు. ఆటలు మొదటి గంటలోనే కానిండు. తాటాకు పందిరి క్రింద కూర్చుండబెట్టి, దాహమని అడుగువరకు ఆగక అరగంటకొకమారు నీరు త్రాగింపుడు. తలనొప్పి, వాంతి, నీరసము కనబడిన బిడ్డను వెంటనే చల్లనిచోటికి చేర్చి, బట్టలు వదులుచేసి తడిగుడ్డతో తుడువవలెను. ఒళ్లు కాలిపోవుచు మాట తడబడినను, స్పృహ తప్పినను వడదెబ్బ యని యెంచి, నోట నీరు పోయక, ఒళ్లంతయు తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను.

వీటన్నిటికంటె ముందుగా ఒక పుస్తకము పెట్టుడు. బిడ్డ పేరు, వయస్సు, తీసికొనివచ్చినవారెవరు, తీసికొనిపోవువారెవరు, అడవిలో ఫోను అందదు గనుక ఊరిలో అందుబాటున నుండు బంధువెవరు, బిడ్డకు మూర్ఛ, ఉబ్బసము, సికిల్ సెల్ వ్యాధి గలవా యనునవి అందు వ్రాయవలెను. గిరిజన కుటుంబములలో సికిల్ సెల్ అధికమగుటచేతనే 2023లో కేంద్రప్రభుత్వము దాని నిర్మూలనకై ప్రత్యేక కార్యక్రమము నారంభించినది. అట్టి బిడ్డకు ఒంటిలో నీరు తగ్గినచో ఎముకలలో, కీళ్లలో భరింపరాని నొప్పి పుట్టును. ఆటకు రానన్న బిడ్డను సోమరియని గద్దింపకుండుటకైనను టీచరుకు ఈ సంగతి తెలిసియుండవలెను. పాఠము 10 గంటలకే ముగిసినను, పుస్తకములో పేరున్న మనిషి వచ్చి బిడ్డ చేయి పట్టుకొనువరకు బాధ్యత మీదే.

ప్రశ్న: బిడ్డ జ్వరముతో వణకిన, తలపై చేయి వేసి ప్రార్థించి, మాత్ర యిచ్చి పడుకోబెట్టుదుము. ఆస్పత్రికి పోవుట అవిశ్వాసమని మా పెద్దలొకరందురు.
– సండే స్కూలు టీచరు, దుమ్ముగూడెము

జవాబు: అమ్మా, ప్రార్థన ఆస్పత్రికి పోవు బండిలోనైనను చేయవచ్చును, జరిగిపోయిన ఆలస్యమును మాత్రము వెనుకకు తిప్పలేము. ఏజెన్సీలో వణుకుతో వచ్చిన జ్వరమును, కాదని రక్తపరీక్ష తేల్చువరకు, మలేరియాగానే యెంచవలెను. పారాసిటమాల్ వేడిని తగ్గించును గాని మలేరియా క్రిమిని చంపదు. ఫాల్సిపారమ్ రకము మెదడు కెక్కినచో ప్రాణమునకే ముప్పు. కావున ఆశా కార్యకర్తనో ఆరోగ్య కేంద్రమునో నాడే ఆశ్రయించి, వ్రేలి చుక్క రక్తముతో చేయు పరీక్ష చేయింపుడు. 1883లో గుంటూరు వచ్చి, పిదప ఆస్పత్రి కట్టించిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్‌కంటె తమ విశ్వాసము అధికమని ఆ పెద్దలును అనరు గదా!

ప్రశ్న: పిల్లలకు శరబత్తు, పులిహోర పెట్టుదుము. నిరుడు కొందరికి విరేచనములైనవి.
– మహిళా సంఘ సభ్యురాలు, అశ్వాపురము

జవాబు: శరబత్తులోని ఐసు ఏ నీటితో చేసినదో ఎవరికెరుక? కాచి చల్లార్చిన నీటితో పలుచని మజ్జిగ చేసి యిండు. ఈ వేడిలో వండిన అన్నము గంట దాటి నిలువయుంచరాదు; తినుటకు ముందు, దొడ్డికి పోయివచ్చిన పిదప సబ్బుతో చేతులు కడిగించుటకు ఒకరిని ప్రత్యేకముగా నియమింపుడు. విరేచనములు పట్టుకొన్న బిడ్డకు లీటరు నీటిలో పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తము కలిపి కొద్దికొద్దిగా త్రాగింపుడు. అది లేనిచో లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, అన్నియు తలకొట్టి కొలిచి, కలుపవలెను. కలిపినది మరునాటికి పనికిరాదు.

ప్రశ్న: పండ్రెండేండ్ల మా అమ్మాయిని మూడు రాత్రుల శిబిరమునకు పంపుమనుచున్నారు. దైవసేవకులను శంకించుట పాపమా?
– ఒక తల్లి, పాల్వంచ

జవాబు: అమ్మా, బిడ్డను కన్నవారు నాలుగు మాటలడుగుట శంకించుట క్రిందికి రాదు, మంచి సేవకుడు అడుగకమునుపే చెప్పును. ఆడపిల్లల గదిలో ఇద్దరు స్త్రీలు పండుకొందురా, మరుగుదొడ్డికి గడియయు దీపమును గలవా, తలుపు మూసిన గదిలో ఏ పెద్దమనిషియు ఒంటరిగా బిడ్డతో నుండరాదను కట్టడి గలదా యని అడుగుడు. తాకరానిచోట ఎవరు తాకినను, వారెంతటివారైనను, నాతో చెప్పవలెనని, చెప్పినందుకు కోపపడనని అమ్మాయికి నచ్చజెప్పుడు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లలోపు బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపక తప్పదు. పరువు పోవునని సంఘములోనే సర్దుబాటు చేయుట నేరము. పిల్లల సహాయవాణి 1098 సంఖ్య పిల్లలకు కంఠతా వచ్చియుండవలెను.

నేలపై పరుండువారికి అంచులు చాపక్రిందికి దోపిన దోమతెర కట్టింపుడు. అది దోమనే గాక రాత్రివేళ తిరుగు కట్లపామును గూడ ఆపును. కట్లపాము కాటు నొప్పియు వాపును లేకయే యుండవచ్చును; తెల్లవారి బిడ్డ కడుపునొప్పి యనుచు కనురెప్పలు వాల్చినచో అనుమానింపవలెను. కోయుట, గట్టిగా కట్టుట, పసరు పోయుట మాని, అవయవమును కదలనీయక భద్రాచలము ఆస్పత్రివంటి, విరుగుడు సూది దొరకు చోటికి చేర్చుడు.

ప్రశ్న: చివరి దినమున పిల్లలను గోదావరికి తీసికొనిపోదుమా?
– యువజన సంఘ సభ్యుడు, బూర్గంపాడు

జవాబు: వలదు, నాయనా. వేసవి గోదావరి మోకాటిలోతుగా కనబడును గాని ఇసుక తీసినచోట నిలువులోతు గుంటలు నీటి క్రింద దాగియుండును. ఒకరు మునిగిన, రక్షింపబోయిన స్నేహితులును మునుగుదురు. చివరి దినపు వేడుకను దేవాలయ ఆవరణలోనే సాయంకాలము, తల్లిదండ్రులు కల్లమునుండి వచ్చిన పిదప జరుపుడు. గాలివాన వచ్చి ఉరిమినచో చెట్టు క్రింద నిలువనీయక అందరిని పక్కా కట్టడములోనికి చేర్చి, మైకు కట్టివేయుడు. బహుమతులు మరునాడు పంచినను తక్కువేమియు కాదు.