ఆబోతు గొప్పతనము సంతతివలన తెలియును

దక్షిణ అమెరికా ఖండమందలి బ్రెజిలు దేశమున పశువుల పెంపకము చేయువారిని "మీ మందలోని పశువులు ఏ జాతివి?" అని అడిగినచో, వారిలో ఎక్కువమంది "నెలోరె" అని బదులు చెప్పుదురు. ఆ మాట మన నెల్లూరే. మన సముద్రతీరమును కన్నులార చూడనివారు ఆ పేరును దినమునకు పదిమాఱులు పలుకుచున్నారు. మన పశువు అంత దూరము ఎట్లు పోయెను? కొలదిపాటి ఆబోతులు ఒక మహాదేశపు మందలనెల్ల ఎట్లు మార్చగలిగెను? వానిలో ఏది గొప్పదో లోకము ఎట్లు తెలిసికొనెను? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. గుఱ్ఱపు పందెములు నేర్పిన పాఠము

కడపటి ప్రశ్ననే మొదట తీసికొందము. విత్తనమునకు ఉంచిన మగజంతువు విలువను క్రమముగా వ్రాసి లెక్కచూచినవారిలో ఇంగ్లాండు దేశపు పందెపు గుఱ్ఱముల పెంపకందార్లు ముఖ్యులు. అక్కడ పదునెనిమిదవ శతాబ్దమున మార్స్కు అను మగగుఱ్ఱము ఉండెను. దాని యజమానియైన కంబర్లండు ప్రభువు 1765లో మరణింపగా, ఆయన గుఱ్ఱములను వేలము వేసిరి. మార్స్కును ఎవరును గొప్పదానిగా ఎంచలేదు. అది స్వల్పమైన వెలకు అమ్ముడుపోయెను.

అంతకుముందు సంవత్సరము, అనగా 1764లో, సూర్యగ్రహణము పట్టిన దినమున దానికి ఒక కోడెపిల్ల పుట్టియుండెను. గ్రహణమున పుట్టినది గనుక దానికి 'ఎక్లిప్సు' అని పేరిడిరి. ఆ పిల్ల పెరిగి 1769లోను 1770లోను పందెములలో పరుగెత్తెను. పదునెనిమిది పందెములలో ఒక్కటియైన ఓడలేదు. అప్పుడు జనులు "దీని తండ్రి ఎవరు?" అని వెదకిరి. మార్స్కు వెల అనేక రెట్లు పెరిగిపోయెను.

విద్యార్థులు ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలయును. మార్స్కు ఎత్తు పెరుగలేదు; కాళ్ళు మాఱలేదు; వేగము హెచ్చలేదు. వేలమునాడు ఏ గుఱ్ఱమో, వెల పెరిగిననాడును అదే గుఱ్ఱము. దాని బిడ్డ యెట్టిదో లోకమునకు తెలిసినది; అంతియే భేదము.

1791లో ఇంగ్లాండున పందెపు గుఱ్ఱముల వంశావళి గ్రంథము తొలిసారి అచ్చుపడెను. ఏ గుఱ్ఱము ఏ తల్లికి, ఏ తండ్రికి, ఏ సంవత్సరమున పుట్టెనో అందు వ్రాసిరి. నేడు లోకమందలి మేలుజాతి పందెపు గుఱ్ఱములన్నియు తండ్రివరుసను పట్టి వెనుకకు పోయినచో, తూర్పుదేశములనుండి ఇంగ్లాండునకు వచ్చిన మూడే మూడు మగగుఱ్ఱములను చేరును: బయర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిను అరేబియను. వానిలోను చాల హెచ్చుపాలు ఎక్లిప్సు ద్వారమున డార్లీ అరేబియనునకే చెందును. మూడువందల ఏండ్ల సంగతిని ఇట్లు చెప్పగలుగుచున్నామన్నచో అందుకు కారణము ఎవరి జ్ఞాపకశక్తియు కాదు, ఆ పుస్తకము.

2. మగజంతువునకు ఇంత ప్రాధాన్యము ఏల?

దూడకు గుణములు సగము తల్లివలనను సగము తండ్రివలనను వచ్చును. ఒక్క దూడ విషయమున ఇద్దరును సమానులే. కాని ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనును. జీవితకాలమున పదింటిని ఈనిన అది మంచి ఆవు. ఆబోతుకో, ఊరి మందలో ఏడాదికి అనేకములైన దూడలు పుట్టును. 1949లో ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు గ్లిసరిను సాయమున వీర్యమును గడ్డకట్టించి నిలువచేయు మార్గమును కనుగొన్న పిదప, మేలైన ఆబోతుకు వేలకొలది సంతతి కలుగుటయు, అది చనిపోయిన తరువాత సయితము దూడలు పుట్టుటయు సాధ్యమైనది. పందెపు గుఱ్ఱముల వంశావళిలో మాత్రము కృత్రిమ గర్భధారణచే పుట్టిన పిల్లకు నేటికిని చోటు లేదు.

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. సామాన్యమైన ఆవునకు మేలుజాతి ఆబోతువలన పుట్టిన పెయ్యలో సగము మేలురక్తము. ఆ పెయ్యను అదే జాతికి చెందిన వేఱొక ఆబోతుతో కలిపినచో దాని దూడలో మూడు పాళ్ళు మేలు, ఒక పాలు సామాన్యము. మూడవ తరమున ఎనిమిదింట ఏడు పాళ్ళు. నాలుగవ తరమున పదునాఱింట పదునైదు. ఒక్క ఆవునైన క్రొత్తగా కొనకయే, ఆబోతులను మాత్రము ఎంచికొనుచు, రైతు తన మందనంతయు మార్చుకొనగలడు. మన మొదటి రెండు ప్రశ్నలకు తాళపుచెవి ఈ లెక్కలోనే ఉన్నది.

"విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా?" అని మన పెద్దలు అందురు. నిజమే. అయితే కంటికి కనబడు విత్తనము లోపల ఏమున్నదో మొలచినగాని తెలియదు. ఉలవలు, తవుడు, పత్తిగింజలు మెండుగా తినిన కోడె నున్నగా నిగనిగలాడును. ఆ నిగనిగ మేతవలన వచ్చినదా, రక్తమువలన వచ్చినదా? మేతవలన వచ్చినది దూడకు దిగదు. రక్తమువలన వచ్చినదే దిగును. ఈ రెంటిని విడదీయుటకు ఒక్కటే ఉపాయము. వేఱువేఱు తల్లులకు పుట్టిన అనేకములగు దూడలను, ఒకే విధమగు మేతపై పెరిగినవానిని, ఇతర ఆబోతుల దూడలతో పోల్చి చూడవలయును. ఒక్క దూడ బాగుండుట యాదృచ్ఛికము కావచ్చును. ఏబది దూడలు బాగుండుట యాదృచ్ఛికము కాదు.

3. మన జాతి, దాని పేరు

పెన్నకును కృష్ణకును నడుమ, ముఖ్యముగా గుండ్లకమ్మ, పాలేరు, మూసి ఏరుల ప్రాంతములందు, ఈ పశువుల పుట్టినిల్లు. ఒంగోలు, కొండపి, కందుకూరు సీమలు వీనికి ప్రసిద్ధములు. తెల్లని మేను, దాని క్రింద నల్లని చర్మము, పొట్టి కొమ్ములు, నిలువెత్తు మూపురము, మడతలు మడతలుగా వ్రేలాడు గంగడోలు, తొందరలేని ఠీవిగల నడక వీని లక్షణములు. ఆబోతుకు మెడయు మూపురమును బూడిదవన్నెతో నల్లబారి ఉండును.

ఒంగోలు జాతి అని మనము పిలుచుచుండగా విదేశీయులు నెల్లూరు జాతి అని ఏల పిలుచుచున్నారు? ఒంగోలు తాలూకా 1904 వరకును నెల్లూరు జిల్లాలోనే ఉండెను. ఆ సంవత్సరమున గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను; 1970లో ప్రకాశము జిల్లాకు వచ్చెను. జిల్లాల ఎల్లలు మాఱినవి. సముద్రము దాటిన పేరు మాత్రము మాఱలేదు.

ఈ జాతిని ఇంత మేలుగా తీర్చినవారు బడిచదువు లేని మన రైతులు. ఇంటి పెద్ద కాలము చేసినప్పుడు అతని పేర ఒక కోడెకు అచ్చువేసి ఊరికి విడుచుట ఆచారము. ఊరి మందకంతకును తండ్రి కాబోవునది గనుక, గ్రామపెద్దలు దాని తల్లి పాడిని, తండ్రి బలమును విచారించి, ఒప్పుకొన్న కోడెనే విడువనిచ్చెడివారు. అచ్చుపోసిన ఆంబోతు ఎవరి చేనిలో మేసినను కొట్టెడివారు కారు. అది తినిన గింజలు ఊరు చెల్లించు పన్ను. మరుసటి ఏడు పుట్టు దూడలు దానికి ఫలము.

4. సముద్రము దాటిన ఆబోతులు

1868లో ఇంగ్లాండునకు పోవుచున్న ఒక ఓడ బ్రెజిలులోని సాల్వడోరు రేవున ఆగినప్పుడు, అందున్న మన పశువుల జత ఒకటి అక్కడనే అమ్ముడుపోయెనని ఆ దేశపువారు తమ చరిత్రలో వ్రాసికొనియున్నారు. 1878లో లెంగ్రూబరు అను రైతు జర్మనీయందలి హాంబర్గు జంతుశాలనుండి ఇంకొక జతను తెప్పించెను. ఐరోపా పశువులు బ్రెజిలు ఎండకును గోమారులకును తాళలేక చిక్కిపోవుచుండగా, వదులైన చర్మమును, చక్కగా చెమటపోయు గుణమును గల మన పశువులు మోటు గడ్డి మేసియే నిలిచినవి. 1930లో మఱికొన్ని వచ్చినవి. 1938లో అక్కడివారు ఈ జాతికి లక్షణములు నిర్ణయించి వంశావళి పుస్తకమును ప్రారంభించిరి.

పెద్ద దిగుమతులలో కడపటిది 1962 నాటిది. అప్పుడు పోయిన ఆబోతుల పేర్లు వినిన మనకు ఊరివారిని విన్నట్లే ఉండును: గోదావరి, ఆకాశము, తాజమహలు, చేకూరుపాడు, కరవది. ఒంగోలుకు సమీపమున కరవది అను గ్రామము కలదు. ఆ ఊరి పేరే ఆబోతు పేరాయెను. తోరెస్ ఓమెమ్ రొద్రీగెస్ ద కూన్యా అను పెంపకందారు దానిని తన మందలో చేర్చుకొనెను. దాని కోడెలు ప్రదర్శనములలోను మందలలోను మేలని తేలుకొలదిని దాని పేరు హెచ్చెను. కోడెలనుండి మనుమలు, మనుమలనుండి మునిమనుమలు దేశమంతట వ్యాపించినవి. నేటి నెలోరె జాతికి మూలపురుషులుగా లెక్కింపబడు ఆబోతులలో కరవది మొదటివరుసలోనిది.

బ్రెజిలునకు మన దేశమునుండి పోయిన మూపురపు పశువులు అన్ని జాతులును కలిపి ఏడువేలకు లోపేయని చెప్పుదురు. నేడు ఆ దేశమున ఇరువది కోట్లకు పైబడిన పశువులున్నవి; వానిలో అధికభాగము నెలోరె రక్తము కలవి. పైని చేసిన లెక్క ఇచ్చట కంటికి కట్టినట్లు కానవచ్చును. 2023లో అక్కడ 'వియాతీనా' అను నెలోరె ఆవులో మూడవవంతు భాగమును వేలము వేయగా, ఆ ధర ప్రకారము ఆవు మొత్తము విలువ నలువదిలక్షల డాలర్లకు పైగా తేలెను. ఏ ఆవునకును అంతకుముందు అంత వెల పలుకలేదు. ఆ వెల దాని మాంసమునకు కాదు, పాలకు కాదు. అది ఈనబోవు సంతతికి.

5. మన ఇంటిలో జరుగుచున్నది

మన సీమలోను సంతతికి పరీక్షలు లేకపోలేదు. సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి, తిరునాళ్ళలో బండలాగుడు పందెములు జరుగును. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆఱు పండ్లు అని పండ్లనుబట్టి జతలను విభజించి, నియమించిన నిమిషములలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగెనో కొలిచి బహుమతు లిత్తురు. పొడిచియు కొట్టియు లాగించిన జతవలన పశువు బాధ తెలియునేగాని బలము తెలియదు గనుక, హింస లేని పందెమే నిజమైన పరీక్ష.

పందెములో గెలిచిన జతకు దండలు వేయుదురు. యజమాని పేరు చాటుదురు. ఊరి పేరు చాటుదురు. ఆ కోడెల తండ్రి పేరు మాత్రము పలుమాఱు వ్రాయబడదు. అది ఎవరో ఒక వృద్ధుని జ్ఞాపకమున నుండి, ఆయనతోనే పోవును. మార్స్కువంటి ఆబోతులు మన ఊళ్ళలో ఎన్ని గుర్తెఱుగకయే పోయినవో! పెరటిచెట్టు మందునకు పనికిరాదన్నట్లు, కరవది గొప్పతనమును పరదేశీయులు తెలిపినగాని మనము లక్ష్యపెట్టలేదు. మన పెద్దలకు కన్ను ఉండెను. వారికి పుస్తకము ఉండెను. కీర్తి పుస్తకము కలవారికి దక్కెను.

ఇంతలో కాలము మాఱినది. దున్నుటకు ట్రాక్టరు వచ్చెను. పాలకు గేదెలను, సీమజాతుల సంకరపు ఆవులను కోరుచున్నారు. మేత బీళ్ళు తగ్గినవి. ఊరికి ఆంబోతును విడుచు ఆచారము సన్నగిల్లెను. గుంటూరు చెంత లాముయందలి పరిశోధనాలయమును, ప్రకాశము జిల్లా చదలవాడ క్షేత్రమును, మన జిల్లాలోని చింతలదేవి క్షేత్రమును ఈ జాతిని కాపాడుటకు పనిచేయుచున్నవి. చింతలదేవియందు జాతీయ కామధేను కేంద్రము నెలకొల్పబడినది. ఈ పని మన జిల్లాకు మాత్రమే సంబంధించినది కాదు. కొలది ఆబోతుల సంతతియే దేశమంతట నిండిన చోట, దూడకు తండ్రివైపునను తల్లివైపునను అదే పేరు మరల మరల వచ్చును; దగ్గఱి రక్తము కలిసినకొలది లోపములు పైకి తేలును. అట్టి దినమున వేఱు రక్తము దొరకవలసినది పుట్టింటిలోనే. పుట్టింటిలో లేనిది ఎచ్చటను లేదు.

6. విద్యార్థులు చేయదగిన పని

వెలగల ఆబోతును కొనుట మన చేతిలో లేదు. ఒక నోటుపుస్తకము కొనుట మన చేతిలోనే ఉన్నది. మీ ఇంటనో, మీ వీధిలోనో ఈ జాతి ఆవులున్నచో ప్రతి ఈతను వ్రాయుడు: దూడ పుట్టిన తేది, ఆడదో మగదో, తల్లి, తల్లియొక్క తల్లి, తండ్రి ఆబోతు, అది ఎవరి ఊరిది, కృత్రిమ గర్భధారణ అయినచో పశువైద్యశాలవారు చెప్పిన ఆబోతు సంఖ్య. తల్లి పూటకు ఎన్ని పాలు ఇచ్చెనో వ్రాయుడు. కోడె పెరిగి పందెమున ఎన్ని అడుగులు లాగెనో అదే పుటలో చేర్పుడు. తాతలు బ్రతికియుండగానే వారికి జ్ఞప్తియున్న ఆంబోతుల పేర్లు అడిగి తెలిసికొనుడు. ఇరువదిమంది విద్యార్థులు పదేండ్లు ఇట్లు వ్రాసినచో, ఏ ఆబోతు సంతతి మేలైనదో మన ఊళ్ళవారు ఊహింపనక్కఱలేదు. పుటలు త్రిప్పి చూచుకొనవచ్చును.

పేరు చిరకాలము నిలుచుటకు పశువునకైనను రెండు కావలయును: మంచి సంతతి, దానిని వ్రాసి ఉంచిన చేయి. మొదటిది మన సీమకు భగవంతుడు ధారాళముగా ఇచ్చెను. రెండవది చదువుకొన్న మనము ఇయ్యవలసియున్నది.