తెల్లబట్ట గురించి

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. అమ్మకు చెప్పొద్దన్నావు, చెప్పను. చెప్పినా మీ అమ్మ అనేది ఒకటే: వేడి చేసింది, సబ్జా గింజలు తాగు అని. తెల్లబట్టయితే ఎముకల్లో సారం పోతుందని మా చిన్నప్పుడు మమ్మల్నీ భయపెట్టేవాళ్లు. ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని, ఉన్నదున్నట్టు రాస్తాను. సిగ్గుపడకుండా చదువు.

కాస్త తెల్లగా, నీళ్లలా అవడం జబ్బు కాదు. రెండు నెలసరుల మధ్య, గుడ్డు విడుదలయ్యే రోజుల్లో జిగటగా సాగుతుంది కూడా. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య నిలుపుతుంది. వేరే క్రిములు పెరగకుండా కాపాడేది ఆ పులుపే.

నువ్వు గొంతునొప్పికి యాంటీబయాటిక్ వాడాక దురద మొదలైందన్నావు. ఆ మందు మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న క్యాండిడా అనే ఫంగస్‌కు సందు దొరుకుతుంది. విరిగిన పాలలా ముక్కలుగా తెలుపు, ఆగని దురద, ఒంటేలుకు వెళ్తే మంట, వాసన మాత్రం పెద్దగా ఉండదు. నువ్వు రాసినవన్నీ దీనికే సరిపోతున్నాయి. గర్భిణులకూ, షుగరు అదుపులో లేనివాళ్లకూ ఇది ఎక్కువ. మన ఇంట్లో షుగరుంది కదా, మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తపరీక్ష చేయించుకో.

చేపల కంపు కొడుతూ పల్చగా, బూడిదరంగులో అవుతుంటే అది వేరు. బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. దురద అంతగా ఉండదు. లోపలంతా కడిగే అలవాటున్నవాళ్లకు ఇది త్వరగా వస్తుంది. వాసనని కడుగుతారు, కడిగేకొద్దీ మంచి బ్యాక్టీరియా కొట్టుకుపోయి వాసన ఇంకా పెరుగుతుంది! నీ బాత్‌రూంలో ఉన్న ఇంటిమేట్ వాష్ సీసా ఎవరికైనా ఇచ్చేయమనను, పారెయ్. పైపైన మామూలు నీళ్లు చాలు, లోపల కడగనే వద్దు.

పసుపుగానో, ఆకుపచ్చగానో నురగతో అయితే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. కలయిక వల్ల అంటుకుంటుంది. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనబడదు, అందుకే ఇద్దరూ మందు వాడాలి. నేను నిన్నేమీ అడగను. పెళ్లి కాని పిల్లవని డాక్టరు కూడా అడగడం మానేస్తే, చెప్పాల్సింది నువ్వే చెప్పు.

ఈ గుర్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, రెండు ఇన్ఫెక్షన్లు ఒకేసారి రావడమూ ఉంది. ఏదో తేల్చడానికి డాక్టరు చూడాలి, అవసరమైతే స్రావాన్ని స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తారు. ప్రైవేటుకు డబ్బులు లేకపోతే ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటివి చూసే సురక్షా క్లినిక్ ఎక్కడుందో అడుగు. మందులు ఉచితం, వివరాలు బయటికి పోవు. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, నెలసరి కాకుండా రక్తం, పుండ్లు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లు. పరీక్షలు రాశాక వెళ్తాననొద్దు.

నీ రూమ్మేటు ఇచ్చిందన్న ట్యూబు ఇక రాయకు. గజ్జికీ తామరకూ అంటూ దుకాణాల్లో ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజులు దురద తగ్గుతుంది, చర్మం పల్చబడుతుంది, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. దాని మీద ఏం రాసుందో ఫొటో తీసి నాకు పంపు, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లు.

పెద్దమ్మ