రోడ్డు ఖర్చులో పరిశోధన ఖర్చు

మా ఊరి రోడ్డును నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి, ఇంజనీరింగులో చేరాక మరొకసారి కొత్తగా వేశారు. రెండుసార్లూ రెండో వానాకాలానికే నడుమ చీలి, అంచులు కుంగిపోయాయి. "కంట్రాక్టరు తినేశాడు" అన్నారు ఊళ్ళో. నేనూ అన్నాను. ఈ సంవత్సరం ఆ రోడ్డు పక్క మట్టిని లాబొరేటరీలో పరీక్షించాక, తప్పంతా అక్కడే లేదని తెలిసింది.

మిత్రులమంతా కలిసి ఒక బస్తా నల్లరేగడి తెచ్చి, అచ్చులో దట్టించి, నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టాము. తరువాత 50 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు కడ్డీని నెమ్మదిగా అందులోకి దించి, ఎంత బలానికి దిగుతుందో చూశాము. దీనినే సి.బి.ఆర్. పరీక్ష అంటారు. గట్టి కంకర బలాన్ని నూరుగా లెక్కిస్తే మా ఊరి మట్టికి వచ్చింది రెండు! ఎండితే రాయిలా ఉండే ఈ మట్టి నానితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. సున్నం కలిపి ఆ ఉబ్బు తగ్గించకుండా, తగిన మందం వేయకుండా, పక్క కాలువ తీయకుండా పైన ఎంత మంచి తారు పోసినా నిలవదు.

మరి ఈ విషయాలు కనిపెట్టవలసిన వారెవరు? కంట్రాక్టరు డబ్బు పెట్టి పరిశోధిస్తే ఫలితం పోటీదారుకీ అందుతుంది. పైగా రోడ్డు పదేళ్ళు నిలిస్తే అతనికి పని తగ్గుతుంది. కాబట్టి లాభం ఎవరిదో ఖర్చు వారిదే కావాలి. రోడ్డు ప్రజలది గనుక పరిశోధన కూడా ప్రజాధనంతోనే జరగాలి.

ఇది కొత్త మాట కాదు. 1927లో నియమించిన జయకర్ కమిటీ సిఫారసుపై 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడింది. గాలను పెట్రోలుకు రెండు అణాల అదనపు సుంకం దానికి ఆధారం. అందులో కొంత భాగాన్ని కేంద్రం తన వద్ద ఉంచుకొని ప్రయోగాలకూ పరిశోధనకూ వాడవచ్చునన్నారు. 1952లో సి.ఎస్.ఐ.ఆర్. కింద కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ కొత్త ఢిల్లీలో వెలిసింది.

అమెరికాలో 1958 నుండి 1960 వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రయోగం కోసమే రోడ్లు వేసి, వాటిపై సైనికుల చేత రాత్రింబవళ్ళు లారీలు నడిపించారు. ఖర్చు సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు, అందులో అధిక భాగం ప్రజాధనమే. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లని తేలింది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుపై అనుమతించే బరువును 10.2 నుండి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది పదమూడు శాతమే. ఆ సూత్రం ప్రకారం నేను లెక్క వేస్తే, పూర్తి బరువుతో వెళ్ళే ఇరుసు చేసే నష్టం అరవై శాతం పైన పెరుగుతోంది!

అయితే ఆ ప్రయోగం జరిగింది ఒకే రకం మట్టి మీద, మంచు కురిసే చోట. మన నల్లరేగడి, మన వాన వేరు. ఫలితాలను అరువు తెచ్చుకోవచ్చు గాని మట్టిని అరువు తెచ్చుకోలేము. ఎవరి మట్టిని వారే పరీక్షించుకోవాలి.

నా సూచన చిన్నది. ప్రతి రోడ్డు ఎస్టిమేటులోనూ మట్టి పరీక్షకు, వేశాక అయిదేళ్ళు పరిశీలించడానికి కొంత సొమ్ము విడిగా కేటాయించాలి. ఆ పని దగ్గరలోని ఇంజనీరింగు కళాశాలలకు అప్పగించాలి. మనకు చదువు వస్తుంది, ఊరికి లెక్క దొరుకుతుంది.

మా రిపోర్టు నకలు సర్పంచి గారికి ఇచ్చాను. "ఈ రెండు అంటే పాసా, ఫెయిలా?" అని అడిగారాయన. ఫెయిలేనండీ అన్నాను. మూడోసారి రోడ్డు వేసే లోపల ఆ అంకె ఎస్టిమేటు వ్రాసేవారి బల్ల మీదికి చేరాలని నా ఆశ.